ఆ ఎఫ్‌ఎం డబ్బా విప్పకు

చిరంజీవి చిన్నాకి,

పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు. మీ గుణుపురం జాతరలో నాటకం ఊరంతా రేడియోలో వినిపిస్తానని ఏడు వాట్ల ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ తెప్పించావట, మీ అమ్మ మురిసిపోతూ ఫోన్ చేసింది. డబ్బా విప్పలేదు కదా? విప్పకు. వాపసు గడువుంటే ఇవాళే పంపెయ్.

తక్కువ పవరుకి లైసెన్సు అక్కర్లేదని నీకు చెప్పింది ఏ అమెరికా వీడియోనో అయ్యుంటుంది. అక్కడ పార్ట్ 15 అని రూలుంది నిజమే. కానీ దాని ప్రకారం ఎఫ్‌ఎంలో సుమారు 200 అడుగుల మేర వినపడితే గొప్ప. నీ ఏడు వాట్లు అక్కడా చెల్లవు. ఇక్కడైతే ఊరంతా వినపడే ఎఫ్‌ఎంకి లైసెన్సు లేని దారే లేదు. వాగు దాటి ఆంధ్రాలోని పాతపట్నంలో పెట్టినా ఇదే చట్టం, వైర్‌లెస్ వ్యవహారం కేంద్ర ప్రభుత్వం చేతిలోది.

గాలి ఎవడబ్బ సొమ్మంటావేమో. 1995లో సుప్రీంకోర్టు కూడా తరంగాలు ప్రజల ఆస్తి అనే చెప్పింది. అందుకే వాటిని అందరి తరఫున ఒక సంస్థ అదుపు చెయ్యాలనీ చెప్పింది. ఆ బెంచిలో మన జస్టిస్ జీవన్‌రెడ్డి గారు కూడా ఉన్నారు.

ఇరవై ఏళ్ళ వయసులో నేనూ ఒక ట్రాన్సిస్టరుతో ఎఫ్‌ఎం చేశాను. 90 మెగాహెర్ట్‌జ్‌లో పెట్టిన పాట, దానికి రెట్టింపైన 180లో కూడా పోయేది. అప్పట్లో టీవీ వచ్చేది ఆ చుట్టుపక్కలే. ఎదురింటాయన ఆదివారం సినిమా బొమ్మ నిండా చేపముళ్ళే. కర్ర పట్టుకుని వచ్చాడు. నీ చవక డబ్బాలో కూడా ఇలాంటి రెట్టింపు తరంగాల్ని ఆపే సరైన ఫిల్టరు ఉంటుందని నాకు నమ్మకం లేదు. ఎఫ్‌ఎం 108తో అయిపోతుంది, ఆ పైన విమానాల వాళ్ళ బ్యాండు మొదలు. అక్కడ తగిలితే కర్రతో పోదురా. 2023 టెలికాం చట్టంలో అనుమతి లేని నెట్‌వర్క్‌కి మూడేళ్ళ దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా రాసి ఉంది.

మరి లైసెన్సు లేకుండా ఏం వాడొచ్చు? వైఫై, బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్‌జ్ బ్యాండు 2005 నుంచి అందరిదీ, నాలుగు వాట్లు మించకూడదంతే. 27 మెగాహెర్ట్‌జ్ దగ్గర ఐదు వాట్ల దాకా ఇచ్చారు గానీ ఆ సెట్లు ఎవరూ వాడగా నేను చూడలేదు. జాతరలో కుర్రాళ్ళు మాట్లాడుకోవడానికి వాకీటాకీలు కావాలంటే 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్‌జ్‌లోనే పనిచేసేవి తీసుకో. ఏ ఫ్రీక్వెన్సీకైనా తిప్పుకోవచ్చని ఊరించేవి వద్దు. పెట్టె మీద ఈటీఏ నంబరు, అంటే టెలికాం శాఖ ఆ మోడల్‌కి ఇచ్చిన ఆమోదం, ఉందో లేదో చూడు. మన కొండల వైపు పోలీసులు వాకీటాకీ కనపడితే ఊరికే వదలరు, బిల్లు కూడా జేబులో పెట్టుకో.

నాటకానికి మైకు, బాక్సులు చాలు. రాత్రి పది దాటాక మైకుకి అనుమతి ఉందో లేదో కమిటీని ముందే కనుక్కోమను.

రేడియో మోజు అప్పటికీ తీరకపోతే కమ్యూనిటీ రేడియో ఉంది. లాభాపేక్ష లేని సంస్థ, రిజిస్టరై మూడేళ్ళు నిండి ఉండాలి. వంద వాట్ల దాకా ఇస్తారు. జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో పల్లె ఆడవాళ్ళు 2008 నుంచి సంఘం రేడియో నడిపారు. మీ యువజన సంఘం రిజిస్టరై ఎన్నేళ్ళయిందో కాగితాలు వెతికి ఉంచు, ఆదివారం బస్సుకి వస్తున్నాను.

మీ మావయ్య