టెక్ సందేహాలు: 443 రావలసిన చోట 47873 ఎందుకొస్తోంది?

ప్రశ్న: లినక్స్‌లో సీ భాషతో చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాను. సేవ పేరు ఇస్తే దాని పోర్టు సంఖ్య చెప్పే గెట్‌సర్వ్‌బైనేమ్ ఫంక్షన్‌కు ‘హెచ్‌టీటీపీఎస్’ పేరు ఇస్తే 443 రావాలి గానీ 47873 వస్తోంది. తర్వాత ‘ఎస్‌ఎస్‌హెచ్’ కోసం అదే ఫంక్షన్‌ను మళ్లీ పిలిస్తే మొదటి ఫలితం కూడా మారిపోతోంది. ఇది లైబ్రరీలో బగ్గా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: లైబ్రరీలో తప్పేమీ లేదు. 443ను రెండు బైట్లుగా రాస్తే మొదటిది 1, రెండోది 187 అవుతుంది (1×256+187). నెట్‌వర్క్ మీద పెద్ద విలువ గల బైట్ ముందు వెళ్లాలన్నది నియమం కాగా, మన ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు చిన్న విలువ గల బైట్‌ను ముందు ఉంచుతాయి కాబట్టి, అవే బైట్లను మీ ప్రోగ్రామ్ 187×256+1గా చదివి 47873 అని ముద్రిస్తోంది. ఈ ఫంక్షన్ తిరిగి ఇచ్చే సర్వెంట్ స్ట్రక్చర్‌లోని పోర్టు ఫీల్డు ఉద్దేశపూర్వకంగానే నెట్‌వర్క్ క్రమంలో ఉంటుంది. దాన్ని సాకెట్ చిరునామాలోని పోర్టు స్థానంలో ఉన్నదున్నట్లుగా పెట్టవచ్చు. తెర మీద చూపించేటప్పుడు మాత్రం నెట్‌వర్క్ క్రమం నుంచి యంత్రం క్రమానికి తెచ్చే ఎన్‌టీఓహెచ్‌ఎస్‌తో మార్చుకోవాలి. సాకెట్‌లో పెట్టే ముందు అలవాటు కొద్దీ దానికి ఎదురు పని చేసే హెచ్‌టీఓఎన్‌ఎస్ వాడితే ప్రోగ్రామ్ నిజంగానే 47873వ పోర్టుకు వెళ్లి తలుపు తడుతుంది.

ఈ కుటుంబంలోని ఫంక్షన్లన్నీ ఒకే తీరుగా ఉండవని కూడా గమనించండి. గెట్‌నెట్‌బైనేమ్ ఇచ్చే నెట్‌వర్క్ సంఖ్య మన యంత్రం క్రమంలోనే వస్తుంది. గెట్‌ప్రోటోబైనేమ్ ఇచ్చే ప్రోటోకాల్ సంఖ్య (టీసీపీకి 6, యూడీపీకి 17) మామూలు పూర్ణాంకం. 1983లో 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ రూపంతో వచ్చిన ఈ ఫంక్షన్లను ఒకే రోజు కూర్చుని రూపొందించినట్లు అనిపించదు.

ఇక రెండో సమస్య. ఫంక్షన్ తిరిగి ఇచ్చే పాయింటర్ లైబ్రరీ తన సొంతానికి ఉంచుకున్న స్టాటిక్ మెమరీని చూపిస్తుంది. ఒక ప్రశ్నకు జవాబును పలక మీద రాసి చూపించి, తర్వాతి ప్రశ్నకు అదే పలకను తుడిచి మళ్లీ రాసినట్లన్నమాట. అందువల్ల పోర్టు సంఖ్యను వెంటనే మీ వేరియబుల్‌లోకి తీసుకోవాలి, పేరు కూడా కావాలంటే స్ట్రింగ్‌ను కాపీ చేసుకోవాలి. ఆ పాయింటర్‌ను ఫ్రీ చేయడం మాత్రం పొరపాటు. అనేక థ్రెడ్లు నడిచే ప్రోగ్రామ్‌లో కాపీ పూర్తయ్యేలోపే మరో థ్రెడ్ పలక తుడిచేయవచ్చు గనుక, జీలిబ్‌సీలో (లినక్స్‌లో ఎక్కువగా వాడే సీ లైబ్రరీ) చివర ‘_ఆర్’ ఉన్న రూపాన్ని వాడి బఫర్‌ను మీరే ఇవ్వడం మేలు. అయితే ఆ రూపం యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడిదైన పాసిక్స్ ప్రమాణంలో లేదు.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో గెట్‌సర్వ్‌బైనేమ్ వాడి సరిగ్గా నడిచే ప్రోగ్రామ్ డెబియన్ స్లిమ్ (కొన్ని ఫైళ్లు తగ్గించిన లినక్స్ ఇమేజ్) కంటైనర్‌లో నల్ (ఖాళీ పాయింటర్) ఇస్తోంది. నెట్‌వర్క్ అందకపోవడమే కారణమా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: నెట్‌వర్క్‌తో దీనికి సంబంధం లేదు. ఈ ఫంక్షన్లు సాధారణంగా చూసేది ఈటీసీ డైరెక్టరీలోని సర్వీసెస్, ప్రోటోకాల్స్, నెట్‌వర్క్స్ అనే మామూలు టెక్స్ట్ ఫైళ్లను. ఏ వివరానికి ఏ మూలాన్ని ఏ వరుసలో అడగాలో ఎన్‌ఎస్‌స్విచ్.కాన్ఫ్ ఫైల్ నిర్ణయిస్తుంది. సర్వీసెస్ ఫైల్‌లో ఒక పేరు ఉన్నంత మాత్రాన ఆ సేవ నడుస్తున్నట్లు కాదు. లేనంత మాత్రాన నడవడం లేదనీ కాదు.

డెబియన్‌లో సర్వీసెస్, ప్రోటోకాల్స్ ఫైళ్లు నెట్‌బేస్ ప్యాకేజీతో వస్తాయి. స్లిమ్ ఇమేజ్‌లో అది ఉండదు. కంటైనర్‌లో ‘గెటెంట్ సర్వీసెస్ హెచ్‌టీటీపీఎస్’ అని కమాండ్ ఇచ్చి చూడండి. ఏమీ రాకపోతే ప్యాకేజీని చేర్చండి. పేరు లేదా, అసలు ఫైలే లేదా అన్న తేడాను నల్ చెప్పదు కాబట్టి, మీ కోడ్‌కు అవసరమైనవి ఒకటి రెండు పోర్టులే అయితే సంఖ్యనే కాన్ఫిగరేషన్‌లో రాసుకోవడం నా దృష్టిలో మరింత నమ్మదగిన పని.

ఆల్పైన్ అనే మరో చిన్న లినక్స్ ఇమేజ్‌కు మారితే పరిస్థితి మళ్లీ వేరు. అందులో జీలిబ్‌సీ బదులు ఉండే మజిల్ అనే సీ లైబ్రరీ ఎన్‌ఎస్‌స్విచ్‌ను పట్టించుకోదు. ప్రోటోకాల్స్ పట్టికను తనలోనే ఉంచుకుంటుంది. నెట్‌వర్క్ పేర్లు వెతికే ఫంక్షన్లు అందులో ఎప్పుడూ నల్ మాత్రమే ఇస్తాయి.

ప్రశ్న: మా పాఠ్యపుస్తకంలో హోస్ట్ పేరు నుంచి ఐపీ చిరునామా కనుక్కునే గెట్‌హోస్ట్‌బైనేమ్ ఉంది. అదే వాడవచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, విజయవాడ

జవాబు: పరీక్షలో రాయండి, కొత్త కోడ్‌లో వద్దు. పాసిక్స్ 2008 సంచికలో దాన్ని తొలగించారు. ఐపీవీ6కు అది పనికిరాదు. 2015 జనవరిలో బయటపడిన ‘ఘోస్ట్’ భద్రతా లోపం జీలిబ్‌సీలో ఈ ఫంక్షన్ దారిలోనే ఉండేది. దాని బదులు గెట్‌యాడర్‌ఇన్ఫో వాడితే హోస్ట్ పేరునూ సేవ పేరునూ ఒకేసారి ఇచ్చి, ఐపీవీ4, ఐపీవీ6 చిరునామాల జాబితాను కనెక్ట్‌కు సిద్ధంగా పొందవచ్చు. ఆ జాబితా మీకోసం విడిగా కేటాయించినది కనుక పని అయ్యాక ఫ్రీయాడర్‌ఇన్ఫోతో విడుదల చేయాలి. మొదటి చిరునామాకు కనెక్షన్ కుదరకపోతే ఆగిపోకుండా జాబితాలో తర్వాతి దాన్ని ప్రయత్నించేలా లూప్ రాయండి.