పాట పక్కన చప్పుడు

చిరంజీవికి,

నీ కథ చేరింది. దానికి పిన్ను కొట్టి పంపిన రెండు పేజీల పదకోశం కూడా చేరింది. ‘లాగిన్ అంటే ఆటలోకి అడుగుపెట్టడం’, ‘ఈవెంట్ అంటే ఆటలో ఏడాదికోసారి వచ్చే పండగ’, ‘లూప్ అంటే అయిపోయిన చోటి నుంచి మళ్లీ మొదలయ్యే సంగీతం’. చివర, ‘మీ తరంవారికి ఇబ్బంది కలగకూడదని’ అంటూ ఒక వినయం. అమ్మాయీ, ఆ వినయం చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. లేకపోతే ‘బాగుంది, రాస్తూ ఉండు’ అని ఒక ముక్క రాసి ఊరుకునేవాణ్ణి.

నాకు 69 ఏళ్లు. మా మనవరాలు హాల్లో కూర్చుని రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆట ఆడుతుంటే పక్కనే పడకకుర్చీలో పేపరు చదువుతాను. తెర నాకు సరిగ్గా కనబడదు. చెవులు మాత్రం ఇంకా నావే. ఇంగ్లండులో అన్నదమ్ములు కలిసి తయారుచేస్తే 2001 జనవరిలో మొదలైన ఆట అది. పదేళ్లు దాటాక ఆడేవాళ్లంతా ‘మా పాత ఆట మాకివ్వండి’ అని పట్టుబట్టారు. ఓట్లు పెడితే నాలుగు లక్షల పైచిలుకు పడ్డాయట. 2013లో 2007 నాటి ఆటను దుమ్ము దులిపి మళ్లీ తెరిచారు. ఆ తర్వాత అందులో కొత్తది ఏది చేర్చాలన్నా నూటికి 75 మంది ఒప్పుకోవాలని నియమం పెట్టారు, 2022లో దాన్ని 70కి తగ్గించారు. ఇదంతా మా మనవరాలు చెప్పిందే. మన పత్రికల్లో సీరియల్ ముగింపుకు ఇలాంటి ఓటు పెట్టి ఉంటే ఎంతమంది ఎడిటర్లకు ఉద్యోగాలు ఊడేవో!

ఆ ఆట లాగిన్ తెర మీద మామూలు రోజుల్లో ఒక వరస వస్తుంది. డిసెంబరు రాగానే దానికి క్రిస్మస్ వేషం, అక్టోబరు చివర భయపెట్టే వేషం. సంక్రాంతికి గంగిరెద్దుకు రంగుల బొంతలు కప్పినట్టన్నమాట. లోపల ఎద్దు అదే. మా మనవరాలు ఆ మొదటి నాలుగు స్వరాలు వినగానే కాళ్లు సోఫా మీదికి మడుచుకుంటుంది. ప్రతి ఏడూ అంతే. ఆమెకు తెలియదు, నాకు తెలుసు.

ఇక నీ కథ. అన్న మినియాపొలిస్‌లో, చెల్లెలు రాజమండ్రిలో. ఏడాదంతా మాటల్లేకపోయినా డిసెంబరులో ఆటలోని మంచు ఊళ్లో కలుసుకుంటారు. అయిదో ఏడు వెళ్లేసరికి పాట మార్చేశారు. మంచి కథే దొరికింది. కానీ దాన్ని నువ్వు రాయలేదు, దాని మీద దుఃఖపడ్డావు. ‘ఆ సంగీతం వింటే మనసు ఎక్కడికో వెళ్లిపోయింది’ అని ఎనిమిది పేజీల్లో మూడు చోట్ల ఉంది. ఎక్కడికి వెళ్లింది? దారి నీకు తెలియకపోతే నాకెలా తెలుస్తుంది? ‘మధురమైన’ ఆరుసార్లు. ‘గుండెను పిండేసింది’ రెండుసార్లు. పిండడానికి గుండె ఏమన్నా తడిబట్టా?

నాది ఒకటే మాట. నలభై ఏళ్లుగా అదే చెబుతున్నాను, అదే చెప్పి చాలామందికి విసుగు తెప్పించాను. సంగీతాన్ని వర్ణించకు. అది కాగితం మీద పలకదు. ఆ పాట వస్తున్నప్పుడు పక్కన ఇంకేం చప్పుడు ఉందో, చేతిలో ఏముందో రాయి. చెవి పాటను ఒంటరిగా దాచుకోదు, చుట్టుపక్కల సామాను అంతా కట్టి మూట వేసుకుంటుంది. మూటలో ఒక్కటి బయటికి తీసి చూపించు, పాట దానంతట అదే వినబడుతుంది.

నమ్మకం కుదరకపోతే ఇది విను. మా నాన్నగారిది ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. ఆ ఊళ్లో మన తెలుగువాళ్లకు కొదవ లేదు, కానీ మా క్వార్టరుకు అటుపక్కన బెంగాలీవాళ్లు. ఏటా మహాలయ అమావాస్యనాడు తెల్లవారుజామున నాలుగింటికి కలకత్తా రేడియోలో మహిషాసురమర్దిని కార్యక్రమం వచ్చేది. బీరేంద్రకృష్ణ భద్ర చండీపఠనం, పంకజ్ మల్లిక్ సంగీతం. 1930ల నుంచీ ఉన్నది. ఆ వేళకు వాడంతా లేచేది. గోడ అవతల ఆ ఇంటి బౌదీ, అంటే వదినగారు, రేడియో పెట్టేది, నేను గోడ ఇవతల దుప్పట్లో వినేవాణ్ణి. భాష సగమే తెలుసు. కార్యక్రమం అయిపోగానే ఆమె శంఖం ఊదేది. ఆమెకు ఊపిరి చాలదు. మూడోసారి ఊదేటప్పుడు గాలి తప్పి చిన్న బుస్సు మని వినిపించేది. నాకు ఆ బుస్సుతోనే పండగ మొదలు.

1976లో ఆ కార్యక్రమాన్ని మార్చేశారు. సినిమా హీరో ఉత్తమ్ కుమార్ గొంతు, హేమంత్ ముఖర్జీ సంగీతం. తక్కువవాళ్లు కాదు సుమా, ఇద్దరూ మహామహులే. అయినా జనం గొడవ చేశారు. రేడియో వాళ్లు దిగివచ్చి ఆ దుర్గాపూజ షష్ఠినాడే పాతదాన్ని మళ్లీ వెయ్యాల్సి వచ్చింది. అప్పటికి నాకు 19 ఏళ్లు, డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్నాను. ఆ తెల్లవారుజామున కొత్త గొంతు ఎలా ఉందో ఇవాళ నాకు ఒక్క ముక్క గుర్తులేదు. గుర్తున్నదల్లా, మధ్యలో రేడియో టక్కున ఆగిన చప్పుడు, తర్వాత బౌదీ కొళాయి దగ్గర అంట్లు తోముతున్న చప్పుడు. నాలుగున్నరకు ఎవరు తోముతారమ్మా అంట్లు? శంఖం వినబడలేదు.

దీన్నే తర్వాత రేడియో నాటికగా రాశాను. తిరిగి వచ్చిన కవర్ల మీద నా స్టాంపులే ఉండేవి కాబట్టి ఎన్నిసార్లు వచ్చిందో లెక్క తెలుసు: పదకొండు. పన్నెండోసారి తీసుకున్నారు. ప్రసారం రోజున అందరం చుట్టూ చేరాం. అంట్ల చప్పుడు రావలసిన చోట వయొలిన్ వచ్చింది! ‘శ్రోతకు విషాదం అందాలి కదండీ’ అన్నారు నిర్మాతగారు. మరో వారపత్రిక ఎడిటరు అదే కథలో శంఖం బుస్సు మన్న వాక్యం కొట్టేసి ‘మంగళధ్వని’ అని వేశారు. ఇద్దరికీ సత్కారాలు జరిగాయి, శాలువాలు కప్పారు. ఇప్పుడు ఆ వయొలిన్ల కాలం పోయి జ్ఞాపకాల కాలం వచ్చింది. ప్రతి కథా చిన్ననాటి గోలీసోడాతో మొదలై వానతో ముగుస్తుంది. నీ కథా వానతోనే ముగిసింది. రాజమండ్రిలో డిసెంబరులో అంత వాన ఎందుకు కురిపించావో కాస్త ఆలోచించు.

ఇంకొకటి. పాట మార్చినవాణ్ణి నీ కథలో రాక్షసుణ్ణి చేశావు. ‘డబ్బుకోసం జ్ఞాపకాలను అమ్ముకునే కంపెనీ’ అట. వాడి చెవుల్లోకి ఒకసారి వెళ్లి చూడు. పాట రెండు నిమిషాలు అనుకుందాం. రోజుకు రెండు గంటలు ఆడితే 60 సార్లు. మూడు వారాల పండగకు 1260 సార్లు. కచేరీ విద్వాంసుడికి ఈ శిక్ష లేదు. పాటకు ముగింపు ఉండకూడదు, తోక వచ్చి తలలో కలవాలి, అతుకు తెలియకూడదు. మరీ అందంగా ఉంటే ముప్పయ్యోసారికి వెగటు పుడుతుంది. చప్పగా ఉంటే పండగ అనిపించదు. ఇంతా కట్టి పంపాక, రాజమండ్రి నుంచి ఒక అమ్మాయి ‘నా అన్నను నాకు కాకుండా చేశావు’ అంటుంది. వాడి కష్టానికి ఒక పేరా అయినా ఇవ్వవచ్చు.

పైగా నువ్వు ఏడ్చే ‘అసలు పాట’ ఒకటి ఉండేదన్న నమ్మకం కూడా అంత గట్టిది కాదు. ఒకప్పటి ఆటల్లో చాలావాటికి సంగీతం మిడి ఫైళ్లలో వచ్చేది. ఆ ఫైల్లో ధ్వని ఉండదు. ఏ స్వరం, ఎంతసేపు, ఏ వాయిద్యం అన్న చీటీ మాత్రమే ఉంటుంది. చీటీ చదివి వాయించేది కంప్యూటరు. అప్పటి డయలప్ ఇంటర్నెట్‌లో ఫోను తీగ మీద పంపాలంటే అంతకంటే బరువు మొయ్యలేదు. ఈ ఇంట్లో గంటలా మోగింది పక్కింటి కంప్యూటర్‌లో గిన్నెలా మోగి ఉండవచ్చు. మహాలయ కార్యక్రమం కూడా అంతే. టేపు మీదికి ఎక్కకముందు ఏళ్ల తరబడి తెల్లవారుజామున స్టూడియోలో కూర్చుని పాడేవాళ్లు. ఏ రెండేళ్లూ అచ్చం ఒకేలా ఉండి ఉండవు. మారనిది వినేవాళ్లు లేచే వేళ.

మా మనవరాలు ఇంకో ఆట చూపించింది, గిల్డ్ వార్స్ 2. అందులో డిసెంబరు పండగకు గంటల బృందం ఉంటుంది. తెర మీద స్వరాలు తోసుకొస్తుంటే ఆడేవాళ్లే సరైన మీట నొక్కి పాట పలికించాలి. ముందు నవ్వాను, తర్వాత కాసేపు మాట్లాడలేదు. ఆ పాట మారిస్తే చెవి కంటే ముందు వేళ్లు తడబడతాయి కదా! కథంటే అక్కడుంది. నీ కథలో చెల్లెలి వేళ్లు ఏం చేస్తున్నాయో ఎనిమిది పేజీల్లో ఒక్కసారీ చెప్పలేదు.

అయితే ఒక్క వాక్యం ఉంది. అయిదో పేజీ అడుగున. ‘అన్నయ్య మైకు ఆపడం మరిచిపోయాడేమో, పాట వెనక వాళ్ల వీధిలో మంచు తోసే బండి గీక్కుంటూ పోయిన చప్పుడు వినబడింది.’ ఇది చదివి కాగితం పక్కన పెట్టి లేచి నీళ్లు తాగి వచ్చాను. ఆ పాటలో ఉన్న మంచు ఉత్తుత్తిది, ఈ చప్పుడులో ఉన్నది అసలుది, దాని మధ్య ఒంటరిగా ఒక మనిషి ఉన్నాడు. ఇంత రాసి, మరుక్షణమే ‘నా గుండె పిండేసినట్టయింది’ అని దాని మీద ఇసుక పోశావు. కొత్త పాట పెద్దగా మోగి ఆ బండి వినబడకుండా పోయిందా? అన్నే మైకు ఆపడం నేర్చుకున్నాడా? రెంటికీ చాలా తేడా ఉంది. మొదటిదైతే కోపం పాటకట్టినవాడి మీద, రెండోదైతే ఎవరి మీదా లేదు. ఏదో ఒకటి తేల్చుకో.

పుస్తకం ఎవరు వేస్తారు, పారితోషికం ఎంత ఇస్తారు, కలం పేరు పెట్టుకోవాలా వద్దా అని అడిగావు. కలం పేరు సంగతి మీ అమ్మగారిని అడుగు. మిగతా రెంటికీ నా దగ్గర ఉన్నవి తిట్లు మాత్రమే.

చివరిగా ఒక తప్పు. దీన్ని మా మనవరాలు పట్టుకుంది, నేను కాదు. నీ కథలో అన్నకూ రాత్రే, చెల్లెలికీ రాత్రే. ఇక్కడ రాత్రి 10 అయితే డిసెంబరులో మినియాపొలిస్‌లో అదే రోజు ఉదయం 10:30. మంచు తోసే బండి తెల్లారకముందే వచ్చిందనుకుందాం, అక్కడ 5 గంటలకు. అప్పుడు నీకు సాయంత్రం 4:30. అంటే అతను నిద్ర మానుకుని నీకోసం కూర్చున్నాడు. ఈ సంగతి చెల్లెలికి తెలుసా? ఆ వేళకు రాజమండ్రిలో మీ వంటింట్లో ఏం చప్పుడవుతోంది? నీకు అక్కడి బండి వినబడినట్టు, అతనికి అది వినబడుతూ ఉండాలి కదా. అది రాసి పంపు. పదకోశం అక్కర్లేదు.

ఆశీస్సులతో,
మీ పాత రేడియో రచయిత