డిలీట్ చేస్తే ఫిల్టర్‌కి ఏం తెలుస్తుంది?

ప్రశ్న: ఇంటర్వ్యూకి రమ్మన్న మెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో పడింది. తేదీ దాటిన నాలుగు రోజులకి చూశాను. లాటరీ మెయిల్స్ మాత్రం ఇన్‌బాక్స్‌లోకే వస్తున్నాయి. రోజూ డిలీట్ చేస్తున్నాను. ఈ ఫిల్టర్ నిజంగా నేర్చుకుంటుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: నేర్చుకుంటుందండీ. కానీ చదివేసిన మంచి మెయిల్‌ని కూడా డిలీటే చేస్తాం కదా, అందులోంచి అదేం గ్రహించాలి? లాటరీవి ‘స్పామ్’ అని నొక్కండి. దానికి అర్థమయ్యే మాట అదే.

2002లో పాల్ గ్రాహమ్ అనే ప్రోగ్రామర్ తన మెయిల్స్‌ని రెండు కుప్పలు పోశాడు. చెత్తవి దాదాపు 4,000, మంచివి దాదాపు 4,000. ఏ మాట ఏ కుప్పలో ఎన్నిసార్లు వచ్చిందో ప్రోగ్రామ్‌తో లెక్కపెట్టించాడు. ఒక మాట వెయ్యి చెత్త మెయిల్స్‌లో 200 వాటిలో, వెయ్యి మంచివాటిలో 5 వాటిలో ఉందనుకోండి. అది కనిపించిన మెయిల్ చెత్త అయ్యే అవకాశం సుమారు 98 శాతం. ఇలాంటి మాటలు పదిహేను కలిపి తీర్పు చెప్పేది ఆ ఫిల్టర్. వెయ్యి స్పామ్‌లలో ఐదు కూడా తప్పించుకోలేదు. ఎర్రటి అక్షరాల రంగు కోడ్ బూతుమాటంత గట్టి ఆనవాలని ఎవరూ చెప్పకుండానే పసిగట్టింది! నాకు ఇంకా నచ్చింది వేరే. మంచి మెయిల్ పోవడమే పెద్ద నష్టమని, మంచి కుప్పలోని లెక్కని ఆయన రెట్టింపు చేశాడు.

అయినా పొరపాట్లు తప్పవు. కొన్నేళ్ల కిందట నా కంప్యూటర్‌లో అలాంటి ఫిల్టర్‌కి నేనే నేర్పాను. మూడు వారాల్లో బాగా కుదురుకుంది. అంతలో మా చెల్లి కొత్త అడ్రస్ నుంచి ‘ఇది చూడు’ అని ఒక లింక్ పంపితే స్పామ్‌లో పడేసింది. తూచడానికి అందులో మాటలేవీ? మీ మెయిల్‌కీ ఇలాంటిదే జరిగి ఉండొచ్చు. మీకెప్పుడూ రాయని అడ్రస్, పైగా ‘అవకాశం’, ‘వెంటనే’ లాంటి మాటలు. మోసగాళ్లు వాడేవీ అవే. మెయిల్ పంపిన సర్వర్ అసలైనదా, మిగతా జనం అలాంటి మెయిల్‌ని ఏమని నొక్కారు అన్నది కూడా ఇప్పటి ఫిల్టర్లు చూస్తాయి.

ఆ మెయిల్ తెరిచి ‘స్పామ్ కాదు’ నొక్కి, అడ్రస్‌ని కాంటాక్ట్స్‌లో చేర్చండి. మీరే కోరి తెప్పించుకున్న న్యూస్‌లెటర్ విసుగొస్తే మాత్రం అన్‌సబ్‌స్క్రైబ్ చేయండి, స్పామ్ అనకండి. ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో స్పామ్ ఫోల్డర్ రోజూ చూడాల్సిందే. జీమెయిల్‌లో అయితే 30 రోజులకి అవి వాటంతటవే పోతాయి.

ఇంకో మాట. దాటింది నాలుగు రోజులేగా, జరిగింది జరిగినట్టు రాసి ఇవాళే వాళ్లని మరో తేదీ అడగండి.