స్కిజోఫ్రెనియాకీ స్కిజోఎఫెక్టివ్‌కీ తేడా ఏమిటి?

మీ తమ్ముడికి ఒక డాక్టరు స్కిజోఫ్రెనియా అన్నారు, ఇంకొకరు స్కిజోఎఫెక్టివ్ అన్నారు, ఎవరిని నమ్మాలని అడిగారు. ఇద్దరూ తాము చూసినదాన్ని బట్టే చెప్పి ఉంటారు. ఎవరూ లేకుండా మాటలు వినిపించడం, అన్నంలో ఏదో కలిపారని కంచం పక్కకు నెట్టేయడం ఈ రెండు మానసిక జబ్బుల్లోనూ ఉంటాయి. స్కిజోఎఫెక్టివ్‌లో వీటికి తోడు తీవ్రమైన డిప్రెషన్ గానీ, నిద్రే అక్కర్లేనంత ఉద్రేకం గానీ జబ్బు కాలంలో ఎక్కువ భాగం ఉంటుంది. మూడ్ మామూలుగా ఉన్నప్పుడు కూడా కనీసం 2 వారాలు ఇలాంటి భ్రమలు గానీ, మాటలు వినిపించడం గానీ ఉండాలి. నెలల తరబడి గమనిస్తే గానీ ఇది తేలదు. అందుకే నిద్ర, కోపం, దిగులు ఏ రోజు ఎలా ఉన్నాయో నోట్‌బుక్‌లో రాసి డాక్టరుకు చూపించండి.

రెండింటికీ ప్రధానమైన మందు యాంటీసైకోటిక్, అంటే భ్రమల్ని, వినిపించే మాటల్ని తగ్గించే మందు. స్కిజోఎఫెక్టివ్‌కైతే అవసరాన్ని బట్టి లిథియం వంటి మూడ్ మందులు కలుపుతారు. తగ్గింది కదా అని మాత్రలు ఆపేస్తేనే చాలామందికి తిరగబెడుతుంది. నాలుక కింద దాచి ఉమ్మేస్తుంటే తిట్టకండి, నెలకోసారి వేసే ఇంజెక్షన్ గురించి అడగండి. రెండు రకాల యాంటీసైకోటిక్ మందులు సరిపడా డోసులో వాడినా గుణం లేకపోతే క్లోజపిన్ అనే మందు ఉంది, దానికి రక్తపరీక్షలు తప్పనిసరి. బరువు, షుగర్ కూడా చూపించుకుంటూ ఉండాలి.

దర్గాకో గుడికో వెళ్తే వెళ్ళండి, మాత్ర మాత్రం మానిపించొద్దు. "నీకేం వినిపించట్లేదు" అని వాదించకుండా, భయమేస్తోందా అని అడగండి.

హైదరాబాద్ ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో ఓపీ ఉంది. సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోతానంటే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.