కొత్త ఫ్రేమా, పాత ఫ్రేమా తర్వాత చూద్దాం, ముందు ఆ లోన్ యాప్ తీసేయండి

శ్రీకాకుళం నుంచి ఒక పాఠకుడు రాశారు. వయసు 27, చేతికొచ్చే జీతం 28,000, అమ్మగారి బీపీ మందులతో కలిపి ఇంటి ఖర్చు నెలకు 20,000, బ్యాంకులో ఉన్నది 18,000. ఆదివారాలు కళింగపట్నం దాకా తొక్కే ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ (చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరిగేది) ఫ్రేమ్ పెడల్ క్రాంక్ దగ్గర చీలింది, మిగతా సామాను బాగుంది. కొత్త స్టీల్ ఫ్రేమ్ 30,000, దానికి ఒక యాప్ 12 నెలల లోన్ ఇస్తానంటోంది. విశాఖలో ఒకాయన పాత స్టీల్ రేసింగ్ ఫ్రేమ్ 14,000కి అమ్ముతున్నారు. ఏది కొనాలి?

నా కన్ను ఆ 18,000 దగ్గరే ఆగిపోయింది. ఇంటి మొత్తానికి ఆధారం మీ ఒక్క జీతం, అది ఆగితే ఒక నెల కూడా గడవదు. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, ఒకరిది ఫోను, ఒకరిది బైకు, మీది సైకిల్, అంతే తేడా.

'నెలకు 3 శాతమే' అని రాశారు. మన ఊళ్లలో దాన్ని మూడు రూపాయల వడ్డీ అంటారు! మీ తాతగారి ముందు ఆ మాటంటే చెప్పు తీసేవారు. లెక్క చూడండి: నెలకు సుమారు 3,014 చొప్పున ఏడాదికి 36,000 పైన కడతారు, ముందే కోసుకునే ఫీజు 1,200 కలిపితే దాదాపు 7,400 ఊరికే పోతుంది, అంటే ఆ పాత ఫ్రేమ్ ఖరీదులో సగం. అమ్మగారి గాజులు తాకట్టు పెడితే వడ్డీ తక్కువ కదా అని కూడా అడిగారు. వద్దు. సరదా కోసం చేసే అప్పు ఏ రూపంలోనూ వద్దు.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో మీరూ చూసే ఉంటారు. ఆ వారం నాకు ఫోన్ చేసినవాళ్లలో బ్యాంకులో నాలుగు నెలల ఖర్చు ఉన్నవాళ్లు ఇల్లు ఎలా బాగుచేసుకోవాలని అడిగారు, లేనివాళ్లు వడ్డీకి ఎవరిస్తారని అడిగారు. నష్టం ఇద్దరికీ ఒకటే. అందుకే అందరికీ ఇదే చెబుతాను, విసుక్కున్నా చెబుతాను: మీకు ఆరు నెలల ఖర్చు, 1,20,000 పక్కన ఉండాలి. ముందు మూడు నెలలది, 60,000 చేయండి. మీకు నెలకు 8,000 మిగులుతోంది కదా, జీతం పడిన రోజే 6,000 రికరింగ్ డిపాజిట్‌కి పోనివ్వండి, 2,000 సైకిల్‌కి దాచుకోండి. ఏడు నెలల్లో ఆ 60,000 తయారవుతుంది, చేతిలో సరిగ్గా 14,000 ఉంటుంది. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే సిప్ ఆ తర్వాత.

అవును, పాతదే కొనండి, కానీ ఫొటో చూసి డబ్బు పంపకండి. ఆమదాలవలసలో రైలెక్కి వెళ్లి చేత్తో పట్టుకుని చూడండి. వెనక చక్రం కూర్చునే గాడి అడ్డంగా ఉండాలి, నిలువుగా ఉంటే చైను బిగించడానికి చోటుండదు, మీకు పనికిరాదు. మీ వెనక చక్రం మధ్య ఉండే హబ్ 120 మిల్లీమీటర్లది అయితే, అది కూర్చునే చోట 126 వెడల్పున్న పాత స్టీల్ ఫ్రేమ్‌ని తెలిసిన మెకానిక్ సర్దగలడు. సీటు రాడ్ బయటికి లాగించండి, తుప్పుతో ఇరుక్కుపోయిందంటే బేరం ఆడకుండా వచ్చేయండి. రాడ్ వచ్చాక లోపలికి టార్చ్ వేసి చూడండి, గొట్టాల మీద చిన్న అయస్కాంతం పాకించండి, పెయింట్ కింద మందంగా పుట్టీ ఉంటే అక్కడ పట్టు తగ్గుతుంది. పెడల్ ఇరుసు కూర్చునే బాటమ్ బ్రాకెట్ మర మీ సామానుకి సరిపోతుందో లేదో కూడా చూడాలి, సరిపోకపోతే ఇంకో ఖర్చు. సముద్రపు గాలిలో తొక్కుతారు కాబట్టి బిగించే ముందు గొట్టాల లోపల నూనె పోయించండి. అప్పటిదాకా ఆ చీలిన ఫ్రేమ్ ఎక్కకండి, ఒక్క ఆదివారం కూడా.

ఇంకొకటి. మీ బ్యాంకులోనే ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది, ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తిగా వైకల్యం వచ్చినా 2 లక్షలు ఇస్తుంది, ఆసుపత్రి బిల్లు మాత్రం కట్టదు. ఇది ఈ వారమే తీసుకోండి. అమ్మగారికి, మీకు ఆరోగ్య బీమా ఉందో లేదో రాయలేదు. ఆఫీసు ఇచ్చినదే ఉంటే ఉద్యోగంతో పాటే అదీ పోతుంది, ఆ వివరం నాకు మళ్లీ రాయండి.