ఆయాసం చేతుల్లో లేదు, గుక్కలో ఉంది
(పాఠకుల ప్రశ్నలకు ఈత శిక్షకురాలి జవాబులు)

ప్రశ్న: నమస్కారం మేడమ్. నాకు 38 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్లుగా సైకిల్ తొక్కుతున్నాను. ఆదివారం పూట 90 కిలోమీటర్లు పెద్ద కష్టం అనిపించదు. హాఫ్ మారథాన్ 2 గంటల 5 నిమిషాల్లో పూర్తి చేశాను. గోవాలో జరిగే హాఫ్ ఐరన్‌మ్యాన్ (వరసగా 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు) చేయాలని ఆశ. కానీ ఫ్రీస్టైల్ 50 మీటర్లు కొట్టేసరికి గోడ పట్టుకుని రొప్పుతున్నాను. మా పూల్‌లో కోచ్ గారేమో స్టామినా చాలదు, ఇంకా ల్యాప్‌లు కొట్టండి అంటారు. నాలుగు నెలలుగా కొడుతూనే ఉన్నాను, అదే 50 దగ్గర ఆగిపోతున్నాను. 21 కిలోమీటర్లు పరిగెత్తేవాడికి 50 మీటర్ల ఈతకు స్టామినా ఉండదా?
– ఒక పాఠకుడు, కొండాపూర్, హైదరాబాద్

జవాబు: ఎందుకుండదండీ, మీకు కావలసినంత ఉంది. ఆ గుండె, ఆ ఊపిరితిత్తులు సైకిల్ మీద మూడు నాలుగు గంటలు పనిచేస్తున్నాయి కదా. నీళ్లలోకి దిగగానే అవి పాడైపోవు. మీరు చేస్తున్న పొరపాటు ఏమిటో చూడకుండానే చెప్పగలను, ఎందుకంటే నా దగ్గరకు వచ్చే సైక్లిస్టులు, రన్నర్లు పదిమందిలో తొమ్మిదిమంది అదే చేస్తారు. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ మీరు గాలి బిగబట్టి ఉంచుతున్నారు.

ఒక్కసారి గుర్తు చేసుకోండి. తల పక్కకు తిప్పిన ఆ అర సెకనులో మీరు రెండు పనులు చేస్తున్నారు. లోపలి గాలి వదలడం, కొత్త గాలి పీల్చడం. రెండింటికీ సమయం చాలదు. సగం పాత గాలి లోపలే ఉండగా దాని మీద కాస్త కొత్త గాలి నింపుకుని మళ్లీ ముఖం ముంచుతారు. నాలుగు బారలు వేసేసరికి ఛాతీ బిగుసుకుపోతుంది, గాలి చాలడం లేదనిపిస్తుంది. నిజానికి ఆ ఊపిరాడని బాధ ఎక్కువగా పుట్టేది ప్రాణవాయువు తగ్గినందుకు కాదు, వదలాల్సిన కార్బన్ డయాక్సైడ్ ఒంట్లో పేరుకున్నందుకు. దాంతో కంగారు, కంగారుతో చేతులు వేగం, వేగంతో ఇంకా ఆయాసం. ఇలాంటప్పుడు ల్యాప్‌లు పెంచితే ఆ తప్పే ఇంకా గట్టిపడుతుంది.

నేను పుట్టింది కోనసీమలో. మా ఇంటి వెనక గోదావరి కాలువ. అరటి బోదె పట్టుకుని ఈత నేర్చుకున్నాం పిల్లలందరం. మా పెదనాన్న గారు మాత్రం బోదె ఇచ్చే ముందు ఒక పని చేయించేవారు. రేవు మెట్ల మీద, నడుము లోతులో నిలబెట్టి ముఖం ముంచమనేవారు. ముక్కులోంచి, నోట్లోంచి బుడగలు వస్తూనే ఉండాలి. బుడగలు ఆగాయా, నెత్తిన ఒక మొట్టికాయ పడేది. నాకు ఏడుపొచ్చేది. ఇప్పుడు నలభై దాటిన ఇంజనీర్లకు నేను మొదటి వారమంతా చేయించేది ఆ బుడగలే, మొట్టికాయ ఒక్కటే లేదు.

మీరూ అక్కడే మొదలుపెట్టండి. ఛాతీ లోతు నీళ్లలో గోడ పట్టుకుని, నోటితో గాలి తీసుకుని ముఖం ముంచండి. నీళ్లు తగిలిన క్షణం నుంచే సన్నగా వదలడం మొదలవ్వాలి. ఒకేసారి బుస్సున వదిలేయకండి, టీ చల్లార్చుకునేటప్పుడు ఊదినంత మెల్లగా. పైకి వచ్చే ముందు మిగిలింది గట్టిగా ఊదేసి తల పక్కకు తిప్పితే గాలి దానంతట అదే లోపలికి వస్తుంది. ఇలా ఇరవై సార్లు, రోజూ, ఈత మొదలుపెట్టే ముందు. పిల్లల ఆటలా ఉందని చిన్నచూపు చూడకండి.

రెండోది తల. మన ఊళ్లలో కాలువల్లో, బావుల్లో నేర్చుకున్నవాళ్లం తల పైకెత్తి ఈదుతాం. ఎదురుగా ఎవరు దూకుతున్నారో చూసుకోవాలి కదా. ఆ అలవాటు మానుకోవడానికి నాకు పూల్‌లో ఏడాది పట్టింది. ఏతాం చూశారా ఎప్పుడైనా? ఒక కొస లేస్తే రెండో కొస దిగుతుంది. నీళ్లలో మన ఒళ్లూ అంతే. గాలి నిండిన ఛాతీ తేలుతుంది, తుంటి నుంచి కిందికంతా బరువు. తల నాలుగు వేళ్లు లేపితే కాళ్లు జానెడు దిగుతాయి. నీరు గాలికన్నా దాదాపు 800 రెట్లు చిక్కన. దిగిన ఆ కాళ్లను అందులో ఈడ్చుకుంటూ వెళ్లడమంటే బ్రేకు పట్టి సైకిల్ తొక్కడమే. చూపు పూల్ అడుగున, మీకు కాస్త ముందున్న టైల్స్ మీద ఉండాలి. గాలి కోసం తిరిగినప్పుడు ఒక గాగుల్ నీళ్లలోనే ఉండాలి. రెండు కళ్లూ బయటికొచ్చాయంటే తల తిరగడం లేదు, లేస్తోందన్నమాట.

ఇక కాళ్లు. రన్నర్లకూ సైక్లిస్టులకూ చీలమండలు బిర్రుగా ఉంటాయి. పాదం వెనక్కి సాగదు, కొంకిలా కిందికి వేలాడి నీటిని ఆపుతుంది. మా బ్యాచ్‌లో ఒకాయన ఫుల్ మారథాన్ పరిగెత్తుతారు. బోర్డు పట్టుకుని కిక్ కొట్టమంటే ఉన్నచోటే ఉండిపోయేవారు, ఒకసారి వెనక్కి కూడా జరిగారు. రాత్రి టీవీ చూసేటప్పుడు ఐదు నిమిషాలు వజ్రాసనంలో కూర్చోమన్నాను. రెండు నెలలకు పాదం సాగింది. మోకాలి నొప్పి ఉంటే మాత్రం ఆ ఆసనం జోలికి వెళ్లకండి. కిక్ గట్టిగా కొట్టాల్సిన పని కూడా లేదు. తుంటి నుంచి చిన్నగా, కాళ్లు పైన తేలేంత చాలు. ఆ తర్వాత 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు ఆ కాళ్లతోనే కదా చేయాలి.

చేతి సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే పై మూడూ కుదరకుండా చేతి మీద పడితే ఏమీ రాదు. చెయ్యి భుజానికి నేరుగా ముందు దిగాలి, తలకు అడ్డంగా దాటకూడదు. దిగాక మోచేయి పైనే ఉంచి, వేళ్లు అడుగువైపు వంచి, ముంజేయంతా తెడ్డులా నీటిని వెనక్కి నెట్టాలి. ఎత్తు అరుగు మీద రెండు చేతులూ మోపి పైకి లేస్తాం చూడండి, అదే ఊపు. పిడికిలి బిగించి 25 మీటర్లు, తర్వాత చెయ్యి విప్పి 25 మీటర్లు ఈదండి. విప్పగానే అరచేతికి నీళ్లు దొరికినట్టు తెలుస్తుంది. ఒక పక్కకు తిరిగి, కింది చెయ్యి ముందుకు చాచి, కిక్ మీదే వెళ్లే డ్రిల్ కూడా వారంలో రెండుసార్లు చేయండి. ఒళ్లు బోర్లా పడుకోకుండా పక్కకు దొర్లడం అందులోనే అలవాటవుతుంది.

దమ్ము పెంచుకోవడం ఆ తర్వాత మాట. మొదటి మూడు వారాలు 25 మీటర్లకు మించి ఈదకండి. 25 ఈది, ఆగి, ఊపిరి కుదుటపడ్డాకే మళ్లీ 25. అలా ఇరవై. ప్రతిసారీ బారలు లెక్కపెట్టండి. 28 బారలు పడుతున్నది 23కి వచ్చిందంటే మీ స్టామినా పెరగకుండానే ఈత తేలికైందని అర్థం. తర్వాత 50లు, ఆ తర్వాత 100 మీటర్లు పదిసార్లు, మధ్యలో 20 సెకన్ల విశ్రాంతితో. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు ఈదేకన్నా వారంలో మూడు రోజులు 45 నిమిషాలు వెళ్లండి. నీటి స్పర్శ చేతికి త్వరగా మరుపొస్తుంది.

ఆగకుండా 400 ఈదగలిగిన రోజున ఈ లెక్క కట్టండి. ఒకరోజు కాసేపు ఈది ఒళ్లు బాగా వేడెక్కాక 400 మీటర్లు, సరిపడా విశ్రాంతి తీసుకుని 200 మీటర్లు, రెండూ శక్తికొద్దీ ఈది టైమ్ రాసుకోండి. రెండు టైమ్‌ల తేడాను సగం చేస్తే, ఎక్కువ దూరం నిలబెట్టుకోగల మీ 100 మీటర్ల వేగం ఇంచుమించుగా వస్తుంది. పోయిన నెల మా బ్యాచ్‌లో ఒకమ్మాయికి 400 మీటర్లు 11 నిమిషాలు, 200 మీటర్లు 5 నిమిషాల 10 సెకన్లు పట్టాయి. తేడా 5:50. అంటే 100 మీటర్లకు 2:55. ఆ లెక్కన 1.9 కిలోమీటర్లకు 55 నిమిషాల 25 సెకన్లు. హాఫ్ ఐరన్‌మ్యాన్‌లో ఈతకు మామూలుగా ఇచ్చే గడువు 1 గంట 10 నిమిషాలు, అంటే 100 మీటర్లకు దాదాపు 3:41. చూశారుగా, మీకు కావలసింది వేగం కాదు. ఆగకుండా, కంగారు పడకుండా 3 నిమిషాల చొప్పున ఈదగలిగితే గోవాలో నీళ్లలోంచి నవ్వుతూ బయటికి వస్తారు.

మీ కోచ్ గారితో గొడవ పెట్టుకోకండి. ఒకరోజు ఫోన్‌లో పక్క నుంచి వీడియో తీసిపెట్టమని అడగండి. బుడగలు ఎక్కడ ఆగుతున్నాయో ఇద్దరూ కలిసి చూడండి.

ప్రశ్న: అక్కా, నాకు 44 ఏళ్లు. గుంటూరులో టీచర్‌ని. పోయిన వేసవిలో ఈత నేర్చుకున్నాను. లోతు తక్కువ వైపు ఆగకుండా 300 మీటర్లు ఈదుతాను. అడుగు కనిపించని లోతుకు వెళ్లగానే గుండె దడ. ఈత, సైకిల్, పరుగు కలిసిన చిన్న పోటీ, స్ప్రింట్ ట్రయాథ్లాన్‌లో 750 మీటర్ల ఈత ఉంటుందట. ఈ వయసులో నాకు సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. 2021లో భారత్, శ్రీలంకల మధ్య ఉన్న పాక్ జలసంధిని ఈదిన హైదరాబాద్ మహిళ గోలి శ్యామల గారు కూడా నీళ్ల భయం పోగొట్టుకోవడానికే నలభై దాటాక ఈతకు వెళ్లారు. మనకు 750 మీటర్లు చాలు.

మీ దడ గురించి నాకు బాగా తెలుసు. 2019 అక్టోబరులో గోవా మీరామార్ తీరంలో హాఫ్ ఐరన్‌మ్యాన్ పోటీకి నేను సముద్రంలోకి దిగాను. కాలువలో పుట్టి పెరిగినదాన్ని, పూల్‌లో 2 కిలోమీటర్లు ఆగకుండా ఈదినదాన్ని. రెండొందల మీటర్లు వెళ్లానో లేదో, ఎవరిదో మడమ నా గాగుల్స్‌కి తగిలింది. ఒక గుటక ఉప్పునీళ్లు లోపలికి పోయాయి. కింద చూస్తే ఆకుపచ్చగా మసక, అంతకుమించి ఏమీ లేదు. గుక్క బిగుసుకుపోయింది. పెదనాన్న నేర్పిన బుడగలు ఆగిపోయాయి. చుట్టూ అన్ని వందల మంది, అయినా ఒంటరిగా మునిగిపోతున్నాననిపించింది. అప్పుడు వెల్లకిలా తిరిగాను. చెవులు నీళ్లలోకి వెళ్లాయి, గోల తగ్గింది, పైన ఆకాశం. పది గుక్కలు లెక్కపెట్టాను. పక్కనే కాపలా ఉన్న చిన్న పడవ, కయాక్, పట్టుకుని మరో పది. ముందుకు లాగించుకోనంత వరకు కయాక్ పట్టుకుని సేద తీరడం నిబంధనల ప్రకారం తప్పు కాదు, ఇది చాలామందికి తెలియదు. తర్వాత మెల్లగా బుడగలు మొదలుపెట్టాను. మిగతాదంతా ఈది ఒడ్డుకొచ్చాను.

అందుకే మీకు చెప్పేది, ముందు వెల్లకిలా తేలడం లోతులో నేర్చుకోండి. లైఫ్‌గార్డ్ ఎదురుగా ఉన్నప్పుడు, తోడు ఒకరిని పెట్టుకుని, లోతు వైపు గోడకు బారెడు దూరంలో వెల్లకిలా తిరిగి రెండు నిమిషాలు ఉండండి. మొదటిరోజు అదొక్కటే చేసి ఇంటికి వెళ్లిపోండి. మర్నాడు నాలుగు బారలు ఈది మధ్యలో కావాలనే ఆగి, తేలి, మళ్లీ ఈదండి. ఎక్కడైనా ఆగగలనని ఒంటికి తెలిశాక దడ తగ్గుతుంది. దడతో పాటు ఛాతీలో నొప్పి గానీ, కళ్లు తిరగడం గానీ ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించాకే నీళ్లలో దిగండి. ఇంకో మాట, పోటీలో అందరికన్నా వెనక, పక్కగా బయల్దేరండి. పది సెకన్లు పోతే పోనీ, మీ చుట్టూ నీళ్లు ఖాళీగా ఉంటాయి.

ప్రశ్న: మేడమ్, మాది విశాఖ. మా పూల్ 25 మీటర్లే. సముద్రం అలవాటు కావాలని పొద్దున్నే ఆర్కే బీచ్‌లో ఒక్కడినే ఈదుదామనుకుంటున్నాను. అరచేతులకు తగిలించుకునే ప్లాస్టిక్ పలకలు, ప్యాడిల్స్, కూడా కొనమంటారా?

జవాబు: ఒక్కరే వద్దు బాబూ. నేనూ విశాఖలోనే ఉంటున్నాను. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే చోటే లోపలికి లాగే ప్రవాహం ఉండొచ్చు. ఎంత గజ ఈతగాడైనా దానికి ఎదురీదితే అలసిపోతాడు. పొరపాటున చిక్కుకుంటే ఒడ్డుకు సమాంతరంగా ఈది, లాగుడు తగ్గాక ఒడ్డువైపు తిరగాలి. సముద్రంలో దిగితే అక్కడి నీళ్లు తెలిసినవాళ్ల గుంపుతోనే దిగు. నడుముకు రంగు బుడగ, అదే స్విమ్ బాయ్, కట్టుకో. ఇంట్లో చెప్పి వెళ్లు. ప్రమాద హెచ్చరిక పెట్టిన రోజు అసలు దిగకు.

సముద్రంలో పనికొచ్చే సగం విద్య నీ 25 మీటర్ల పూల్‌లోనే వస్తుంది. ప్రతి ఎనిమిది బారలకోసారి మొసలిలా కళ్లు మాత్రమే పైకి తెచ్చి, ఎదుటి గోడ మీది గడియారం చూసి, వెంటనే తల పక్కకు తిప్పి గాలి తీసుకో. గాలి కోసం తల ముందుకే ఎత్తావంటే కాళ్లు దిగిపోతాయి. నలుగురు స్నేహితులను ఒకే లైన్‌లోకి పిలిచి రాసుకుంటూ ఈదండి. గోడ తాకకుండా, రెండు మీటర్ల ముందే తిరిగి మళ్లీ వెళ్లండి, అప్పుడు గోడ నెట్టే సుఖం ఉండదు. ప్యాడిల్స్ ఇప్పుడే కొనకు, మోచేయి కింద పడిపోయే చేతికి అవి తగిలిస్తే భుజం నొప్పి వస్తుంది. ఆ డబ్బుతో నీళ్లు కారని గాగుల్స్ రెండు జతలు కొనుక్కో, ఒకటి ఎండకు ముదురు రంగుది.