తెర మూలన వైరస్ బెదిరింపు

ప్రశ్న: మా ఇంటి కంప్యూటర్‌లో కుడివైపు కింది మూలన ‘5 వైరస్‌లు దొరికాయి, వెంటనే డబ్బు కట్టండి’ అని పదే పదే వస్తోంది. ఆ యాంటీవైరస్ మేం వేసుకున్నది కాదు. తీసేదెట్లా?
– ఓ పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: డబ్బు కట్టకండి, అందులో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేయకండి. మూలన వచ్చేది చాలాసార్లు వైరస్సే కాదు. ఏదో సైట్‌లో ‘అలో’ నొక్కి ఉంటారు, అది పంపే నోటిఫికేషన్ అది. దాని మీద చిన్న అక్షరాల్లో సైట్ పేరు ఉంటుంది, చూడండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కు వెళ్లి ఆ పేరు పక్కన మూడు చుక్కలు నొక్కి తీసేయండి. చాలామందికి గొడవ ఇక్కడే వదులుతుంది.

అయినా వస్తుంటే ప్రోగ్రామే దూరిందన్నమాట. విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాను తేదీ వారీగా పెట్టి, గొడవ మొదలైన రోజు చేరినవాటిలో మీకు తెలియనిదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. పోనని మొరాయిస్తే షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ చేసి, సేఫ్ మోడ్‌లో (విండోస్ తనకు తప్పనిసరైనవి మాత్రమే నడిపే పద్ధతి) తీయండి. అక్కడ అది మామూలుగా తనంతట తాను మొదలవదు. ఆపైన విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్) ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. సుమారు 15 నిమిషాలు. మెషీన్ రీస్టార్ట్ అవుతుంది కాబట్టి తెరిచిన ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి. మధ్యలో కరెంటు పోయే వేళ మాత్రం వద్దు.

ఇప్పటికే కార్డు వివరాలు ఇచ్చి ఉంటే ముందు బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. స్కాన్‌ను ఆ తర్వాతైనా చేసుకోవచ్చు.